అల్లుడి కారులో ఊదే యంత్రం: భార్య ఊదితే తప్పేమిటి?

ప్రశ్న: మా పెద్దమ్మాయి, అల్లుడు పదకొండేళ్లుగా అమెరికాలో ఉంటున్నారు. కిందటి ఏడాది అల్లుడు ఒక విందులో తాగి కారు నడుపుకుంటూ వస్తూ పోలీసులకు పట్టుబడ్డాడు. కోర్టు ఉత్తర్వు ప్రకారం కారులో ఒక యంత్రం పెట్టారు. దాని గొట్టంలోకి ఊదితే గాని కారు స్టార్టు కాదు. ఇంట్లో ఉన్నది ఒకటే కారు కాబట్టి మా అమ్మాయి కూడా ఊదవలసి వస్తోంది. మొన్నొక ఆదివారం పొద్దున ఏడు గంటలకు అల్లుడు ఊదితే యంత్రం ఒప్పుకోలేదు. "పొద్దున లేచాక నేను చుక్క ముట్టలేదు, యంత్రమే పాడైంది, నువ్వు ఊదు" అని అమ్మాయిని అడిగాడట. ఆమె ఊదలేదు. అప్పటినుంచి ఇద్దరికీ సరిగా మాటల్లేవు. భర్త కోసం ఒక్కసారి ఊదితే కొంపలేం మునుగుతాయని మా వియ్యపురాలు నాతో అంటున్నారు. ఎవరిది తప్పు? హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా చిన్నబ్బాయికీ శనివారం పార్టీలు ఎక్కువయ్యాయి. వాడి కారుకు కూడా ఇలాంటిది పెట్టించవచ్చా? కొత్త కార్లలో ఇవి వాటంతటవే వస్తాయంటున్నారు, నిజమేనా? ఇంకొక చిన్న సందేహం. నేను డిసెంబరులో అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. కీళ్ల నొప్పులకు రోజూ దశమూలారిష్టం పుచ్చుకుంటాను. దానివల్ల ఆ కారులో ఏమైనా చిక్కు వస్తుందా?

— ఒక తల్లి, గుంటూరు జిల్లా (వివరాలు గోప్యంగా ఉంచమని కోరారు)

సమాధానం: అమ్మా, మీ అమ్మాయి ఆ ఆదివారం ఊదకపోవడమే సరైన పని. అయితే మీ అల్లుడు అబద్ధం చెప్పాడని కూడా నేను అనడం లేదు. పొద్దున లేచాక ఆయన చుక్క ముట్టకపోయి ఉండవచ్చు, యంత్రమూ సరిగ్గానే పనిచేసి ఉండవచ్చు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలిస్తే మీ ఇంటి తగాదా సగం తీరుతుంది కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

ఆ పరికరాన్ని ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ అంటారు. చేతిలో ఇమిడే టీవీ రిమోట్ అంత ఉంటుంది, ఒక తీగ ద్వారా కారు స్టార్టరు సర్క్యూట్‌కు కలిపి ఉంటుంది. లోపల అసలు పని చేసేది ఫ్యూయల్ సెల్ అనే చిన్న బిళ్ల. వాహనాల విద్యుత్ పరికరాల మీద పనిచేసిన రోజుల్లో నేను ఒక పాత పరికరాన్ని విప్పి చూశాను. అంత పేరున్న సెన్సరు సోడా మూత కంటే పెద్దగా లేదు, రెండు సన్నని తీగలు మాత్రం బయటికి వచ్చి ఉన్నాయి. ఆ బిళ్లలో రెండు ప్లాటినం పొరలు, వాటి మధ్య ఆమ్లంతో తడిసిన ఒక పొర ఉంటాయి. ఊపిరిలోని ఆల్కహాల్ ప్లాటినానికి తగలగానే ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. నిలవ ఉన్న కల్లు పులిసి వెనిగర్‌గా మారడం మీరు చూసే ఉంటారు. అదే మార్పు ఇక్కడ క్షణాల్లో జరుగుతుంది, జరిగేటప్పుడు కొద్దిగా విద్యుత్తు పుడుతుంది. ఆల్కహాల్ ఎంత ఉంటే విద్యుత్తు అంత. దాన్ని కొలిచి, ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే గాలికీ రక్తానికీ మధ్య ఉండే నిష్పత్తితో లెక్కగట్టి, రక్తంలో ఎంత మద్యం ఉందో యంత్రం చెబుతుంది. ఆ నిష్పత్తిని 2,100కు 1గా తీసుకోవడం పరిపాటి. పై పైన చిన్నగా ఊదితే అది ఒప్పుకోకపోవడానికి కారణం కూడా ఇదే. నోట్లోని గాలి కాక లోపలి గాలి రావాలి కాబట్టి, లీటరుకు పైగా గాలి పట్టేలా, నాలుగైదు సెకన్లపాటు ఆగకుండా ఊదాలి. కొన్ని పరికరాలు ఊదుతూ గొంతుతో మూలగమంటాయి, మరికొన్ని ఊది వెంటనే పీల్చమంటాయి. బుడగలోనో సైకిలు పంపులోనో దాచిన గాలితో మోసం చేయకుండా ఉండేందుకే ఈ తతంగమంతా.

ఇప్పుడు ఆ ఆదివారం సంగతి. అమెరికాలో సాధారణ డ్రైవరుకు చట్టం గీసిన గీత 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల మద్యం; ఒక్క యూటా రాష్ట్రంలో 50. కానీ ఇంటర్‌లాక్ గీత అక్కడ ఉండదు. చాలా రాష్ట్రాల్లో 20 మిల్లీగ్రాముల దగ్గరే అది కారును ఆపేస్తుంది. మరోవైపు, తాగిన మద్యాన్ని కాలేయం తన వేగంతోనే కరిగిస్తుంది. ఎక్కువమందిలో అది గంటకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. మీ అల్లుడు శనివారం రాత్రి ఒంటిగంటకు గ్లాసు దించే సమయానికి రక్తంలో 120 మిల్లీగ్రాములు ఉన్నాయనుకోండి. ఇది నేను ఊహించిన అంకె, ఆయన మీద వేస్తున్న నింద కాదు. ఆరు గంటలు నిద్రపోయి ఏడింటికి లేచారు. గంటకు 15 చొప్పున ఆరు గంటల్లో 90 పోతే ఇంకా 30 మిగిలాయి. ఆయనకు నిషా దిగింది, తల స్నానం చేశారు, కాఫీ తాగారు, ఒంట్లో బాగానే ఉంది. యంత్రానికి మాత్రం 30 కనిపించింది. ఎనిమిది దాటాక ఊది ఉంటే 15కు దిగి కారు నిశ్శబ్దంగా స్టార్టయ్యేది. కాఫీ, పుల్ల మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం నిద్రమత్తును వదిలిస్తాయేమో గాని కాలేయాన్ని తొందరపెట్టలేవు. అన్నట్టు, 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు మన దేశంలో మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను పెట్టిన పరిమితి. అంటే ఆ పొద్దున ఆయన గుంటూరులో ఉన్నా సరిగ్గా గీత మీద నిలబడి ఉండేవారు.

ఇది ఊహే గదా, యంత్రమే పాడైతే ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. ఊహించనక్కర లేకుండా తేల్చుకునే మార్గం ఆ పరికరంలోనే ఉంది. ఊదిన ప్రతిసారీ తేదీ, సమయం, అంకె దాని జ్ఞాపకంలో నమోదవుతాయి. ఒకసారి విఫలమైతే కొన్ని నిమిషాలు తాళం వేసి మళ్లీ ఊదే అవకాశం ఇస్తుంది. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిసారి 35 వచ్చి పదిహేను నిమిషాల తరువాత సున్నా వస్తే అది రక్తంలోని మద్యం కాదు, నోట్లో మిగిలిన తడి. నోరు పుక్కిలించే మౌత్‌వాష్, దగ్గు మందు, హోమియో చుక్కలు అలాంటి అంకెను పుట్టిస్తాయి, పావుగంటలో ఆవిరైపోతాయి. మొదటిసారి 35 వచ్చి రెండోసారి 32 వస్తే అది రక్తంలోదే, ఎందుకంటే రక్తంలోని మద్యం అంత మెల్లగానే దిగుతుంది. నమోదులను పరిశీలించేవారు నోటి తడినీ తాగిన మద్యాన్నీ వేరు చేసేది కూడా ఇలాగే. ఇక పరికరం నిజంగా గాడి తప్పిందా అన్నది సర్వీసు కేంద్రంలో తేలుతుంది. సాధారణంగా నెలకో రెండు నెలలకో ఒకసారి కారును అక్కడికి తీసుకువెళ్లాలి. తెలిసిన మోతాదులో ఆల్కహాల్ కలిపిన గాలిని పరికరంలోకి పంపి, అది చూపే అంకె సరిపోయిందో లేదో చూస్తారు, తేడా ఉంటే సరిచేస్తారు. కాబట్టి అల్లుడిగారికి అనుమానం ఉంటే చేయవలసింది భార్య చేత ఊదించడం కాదు, సర్వీసు కేంద్రానికి ఫోన్ చేసి ఆ రోజు నమోదు అడిగి, పరికరాన్ని పరీక్షించమనడం. ఆ అంకెలు చూశాక భార్యాభర్తలు వాదించుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

మీ అమ్మాయి తన ప్రయాణం కోసం తాను ఊదడంలో తప్పు లేదు, అవమానం అంతకంటే లేదు. ఆంక్ష అల్లుడిమీద ఉన్నా తాళం కారుకు ఉంది, నడిపేవారు ఎవరైనా ఊదాలి. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ఆమె ఊదినప్పుడు విఫలమైనా అది చేరేది అల్లుడి ఖాతాలోకే. అందుచేత పొద్దున మౌత్‌వాష్‌తో పుక్కిలించి నేరుగా కారెక్కవద్దని చెప్పండి. మామూలు నీళ్లతో నోరు కడుక్కొని పావుగంట ఆగితే చాలు. పరికరానికి కెమెరా ఉంటే ఇబ్బందిగా ఉంటుందని అనుకుంటారు గాని, ఈ ఇంట్లో అది ఆమెకు రక్ష. ఎప్పుడు ఎవరు ఊదారో ఫొటో చెబుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. భర్త నడపడానికి భార్య ఊదడం చాలా రాష్ట్రాల్లో నేరం. కాలిఫోర్నియా చట్టంలో అలా వేరొకరి కోసం ఊది కారు స్టార్టు చేసినవారికి ఆరు నెలల దాకా జైలు గాని, 5,000 డాలర్ల దాకా జరిమానా గాని, రెండూ గాని వేయవచ్చు. ఊదమని అడిగినవారికీ చిక్కే, ఊదినవారికీ చిక్కే. వారిద్దరూ ఇంకా వీసా మీద ఉన్నట్లయితే ఇలాంటి కేసు ఎంత దూరం పోతుందో వేరే చెప్పనక్కర లేదు. మద్యం తాగి నడిపి అరెస్టయిన విదేశీయుల తాత్కాలిక వీసాలను రద్దు చేసే పద్ధతిని అమెరికా విదేశాంగ శాఖ 2015 నుంచే పాటిస్తోంది. వారి రాష్ట్రంలో నిబంధన ఏమిటో, కోర్టు ఉత్తర్వులో ఏమి రాసి ఉందో కేసు చూసిన న్యాయవాదిని అడిగి తెలుసుకోమనండి.

పైగా ఆ మోసం ఎక్కువసేపు నిలవదు. కారు కదిలిన అయిదు పది నిమిషాలకు పరికరం కూతవేసి మళ్లీ ఊదమంటుంది. ఆ తరువాత కూడా ఎప్పుడు అడుగుతుందో ముందుగా తెలియదు. నేను ఒకసారి మిత్రుడి కారులో పక్కన కూర్చుని దీన్ని చూశాను. చలికాలం కావడంతో సెన్సరు వేడెక్కేదాకా నిమిషంపైగా మాట్లాడుకుంటూ ఆగాము. ఆయన ఊదాడు, పచ్చ దీపం వెలిగింది, బయలుదేరాము. సిగ్నల్ దగ్గర అది మళ్లీ కూసేసరికి వెనక సీట్లోని ఆయన కూతురు తండ్రికంటే ముందుగా "నాన్నా, ఊదే టైమైంది" అంది. ఆ పిల్లకు అది కారు హారన్ వంటి మామూలు శబ్దం అయిపోయింది. ఆ పిలుపు వచ్చాక పక్కకు ఆపి ఊదడానికి కొన్ని నిమిషాలు గడువు ఉంటుంది. ఊదకపోయినా, విఫలమైనా నడుస్తున్న ఇంజను ఆగదు. రహదారి మధ్యలో బండి నిలిచిపోతే తాగి నడపడం కంటే పెద్ద ప్రమాదం కదా. ఆపడానికి బదులు హారన్ మోగుతుంది, దీపాలు వెలిగి ఆరుతాయి, నమోదులో తప్పు పడుతుంది. అంటే భార్య ఇంటి ముందు ఊది పంపినా, పావుగంట తరువాత ఆయన ఒక్కడే ఉన్న కారులో ఆ ప్రశ్న మళ్లీ వస్తుంది. అప్పుడు ఎవరు ఊదుతారు?

వియ్యపురాలి మాటకు కూడా ఇక్కడే జవాబు ఉంది. "కొంపలేం మునుగుతాయి" అన్నది ఆమె కొడుకు మీది ప్రేమతో అన్న మాటే. అయితే ఆ పొద్దున ఆయన రక్తంలో నిజంగా 30 ఉంటే, అదే కారులో వెనక సీట్లో ఆమె మనవలు కూడా ఉండేవారేమో. మీ అమ్మాయి భర్తను పోలీసులకు అప్పజెప్పలేదు, ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. తన ఊపిరి తనది కాని చోట వాడనని మాత్రమే అంది. ఆ సంగతి వియ్యపురాలితో మీరు నెమ్మదిగా చెప్పండి. అల్లుడితో నేరుగా మీరు మాట్లాడకపోవడం మంచిది. అత్తగారి నోటి నుంచి వస్తే అది యంత్రం గురించిన మాటగా వినిపించదు.

నిజానికి యంత్రం మీద నాకు ఉన్న నమ్మకానికీ ఒక హద్దు ఉంది. ఈ ఆలోచన కొత్తది కాదు. 1969లోనే అమెరికాలో మొదటి ఇంటర్‌లాక్ నమూనా తయారైంది, కాలిఫోర్నియా 1986లో చట్టం తెచ్చి ప్రయోగాత్మకంగా అమలు చేసింది, మొదటిసారి పట్టుబడినవారితో సహా అందరికీ తప్పనిసరి చేసిన తొలి రాష్ట్రం 2005లో న్యూ మెక్సికో. ఇప్పుడు ఏదో ఒక రూపంలో ఆ చట్టం లేని రాష్ట్రం లేదు. ఇన్నేళ్ల పరిశోధనల సారం ఏమిటంటే, పరికరం కారులో ఉన్నంతకాలం మళ్లీ తాగి నడిపి పట్టుబడడం సుమారు 70 శాతం తగ్గుతుంది. తీసేసిన తరువాత ఆ ప్రయోజనం చాలావరకు చెరిగిపోయి పాత దారికే వస్తుంది. తాళం తాళమే, మందు కాదు. అందువల్ల కోర్టు గడువు ముగిసే రోజు కోసం వారు క్యాలెండరు చూసుకుంటూ కూర్చోకుండా, పరికరం ఉన్న ఈ నెలల్లోనే అల్లుడు వైద్యుడినో కౌన్సెలర్‌నో కలిస్తే మేలు. పరికరంలోని నమోదులనే ఆయన వైద్యుడికి చూపించవచ్చు. ఏ వారం, ఏ రోజు, ఏ పొద్దున అంకె ఎక్కువగా ఉందో అందులో స్పష్టంగా ఉంటుంది. తాను ఎంత తాగుతున్నాడో తనకే తెలియని మనిషికి అంతకంటే నిజాయితీగల డైరీ దొరకదు.

కొత్త కార్లలో ఇవి వాటంతటవే వస్తాయా అన్న మీ ప్రశ్నకు, వస్తాయి గాని ఎప్పుడో చెప్పలేని స్థితి అన్నది జవాబు. గొట్టంలో ఊదించకుండా, డ్రైవరుకు తెలియకుండానే కొలిచే పద్ధతుల మీద అమెరికా రహదారి భద్రతా సంస్థ, కార్ల కంపెనీల కూటమి కలిసి 2008 నుంచి పనిచేస్తున్నాయి. అందులో రెండు దారులు ఉన్నాయి. ఒకటి స్టార్ట్ బటన్ మీద వేలు పెట్టగానే చర్మంలోకి పరారుణ కాంతిని పంపి, తిరిగి వచ్చిన కాంతిలో ఏ భాగాన్ని ఆల్కహాల్ పీల్చుకుందో చూసేది. రెండోది స్టీరింగు దగ్గరో తలుపు దగ్గరో ఉన్న సెన్సరుతో డ్రైవరు మామూలుగా వదిలే ఊపిరిని పట్టేది. కారులోని గాలితో కలిసి ఊపిరి పలచబడుతుంది కదా, అది ఎంత పలచబడిందో బొగ్గుపులుసు వాయువును కొలిచి తెలుసుకుంటుంది. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన ఉపాయం ఇదే. 2021 నవంబరులో అమలులోకి వచ్చిన మౌలిక సదుపాయాల చట్టం, కొత్త కార్లన్నిటిలో ఇలాంటి సాంకేతికత ఉండేలా మూడేళ్లలో నిబంధన తేవాలని ఆ భద్రతా సంస్థను ఆదేశించింది. 2024 జనవరిలో ముందస్తు ప్రకటన వెలువడింది, ఆ నవంబరు గడువు మాత్రం నిబంధన లేకుండానే దాటిపోయింది.

ఆలస్యానికి అలసత్వం ఒక్కటే కారణమని అనుకోను. పట్టుబడిన మనిషి కారుకు పరికరం పెట్టడం వేరు, ఏనాడూ తాగని కోట్లమంది కార్లకు పెట్టడం వేరు. ఒక నగరంలో రోజుకు పది లక్షల సార్లు కార్లు స్టార్టు అవుతాయనుకుందాం. వెయ్యికి ఒక్కసారి పొరబడే యంత్రాన్ని మనం చాలా మంచిదనే అంటాం. అయినా ఆ నగరంలో ప్రతిరోజూ వెయ్యి కార్లు తాగనివారిని ఆపేస్తాయి. అందులో ఒకటి పురిటి నొప్పులతో ఉన్న ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్లేది కావచ్చు. ఆ పొరపాటును ఎంతో అరుదు చేస్తే తప్ప జనం దీన్ని ఒప్పుకోరు, కంపెనీలు ముందుకు రావు. ఈలోపు కొన్ని దేశాలు బాధ్యత ఎక్కువ ఉన్న చోట మొదలుపెట్టాయి. ఫ్రాన్స్‌లో 2015 సెప్టెంబరు నుంచి ప్రయాణికుల కోచ్ బస్సులన్నిటికీ ఊదే తాళం తప్పనిసరి. ఐరోపా సమాఖ్యలో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారూ కావాలంటే ఇంటర్‌లాక్ బిగించుకోవడానికి వీలుగా తయారై రావాలి. బిగించుకోవడం మాత్రం ఆయా దేశాల చట్టాన్ని బట్టి ఉంటుంది. డ్రైవరు కళ్లను, తల వాలడాన్ని కెమెరాతో గమనించే కార్లు కూడా వచ్చాయి. అవి మంచివే గాని నిద్రమత్తుకూ మద్యం మత్తుకూ తేడా చెప్పడంలో తడబడతాయి, కాబట్టి ప్రస్తుతానికి చాలావరకు హెచ్చరించడానికే పరిమితం.

మీ చిన్నబ్బాయి సంగతి. మన దేశంలో సొంత కారుకు ఇంటర్‌లాక్ పెట్టమనే చట్టం లేదు, కోర్టులు అలా ఆదేశించే పద్ధతీ లేదు. బజారులో చౌకగా దొరికే పరికరాల జోలికి పోవద్దు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏటా ఏదో ఒక బృందం "తాగితే ఇంజను ఆగే బండి" అని ప్రాజెక్టు చేస్తుంది; నేనూ పరీక్షకుడిగా అలాంటివి చూసి మార్కులు వేశాను. వాటిలో వాడే ఎంక్యూ-3 సెన్సరు టిన్ ఆక్సైడుతో చేసినది. పిల్లలకు పాఠంగా అది బాగుంటుంది. కారులో పెడితే మాత్రం శానిటైజరుకు, సెంటుకు, పక్క సీట్లో తాగి కూర్చున్న స్నేహితుడి ఊపిరికి కూడా మోగుతుంది. ఎవరి ఊపిరో దానికి తెలియదు, ఎంత మద్యమో నికరంగా చెప్పలేదు. పైగా స్టార్టరు తీగలను తెలియనివారి చేత కోయిస్తే కారు వారంటీ పోతుంది. జేబులో పెట్టుకునే బ్రెత్ ఎనలైజర్లు కొనివ్వడం మీదా నాకు అంత మనసు లేదు. "ఇంకా 20 మీదే ఉంది, ఇంకో పెగ్గు పడుతుంది" అని దాన్ని కొలపాత్రగా వాడుకున్న కుర్రాళ్లను చూశాను. చివరి గ్లాసులోని మద్యం రక్తంలోకి పూర్తిగా చేరడానికి ముప్పావు గంటో గంటో పడుతుంది కాబట్టి, బల్ల దగ్గర 20 చూపినది దారి మధ్యలో 45 కావచ్చు.

అంతకంటే ముఖ్యంగా, ఊదే యంత్రం పనిచేసే చోటల్లా దాని వెనక నమోదు చూసే మనిషి ఒకరు ఉన్నారు. అమెరికాలో కోర్టు ఉంది. మన ఆర్టీసీ డిపోల్లో డ్యూటీ ఎక్కే ముందు డ్రైవరు చేత ఊదిస్తారు. అది పనిచేసేది ఎనలైజరు గొప్పదనం వల్ల కాదు, ఊదనివాడికి బస్సు అప్పగించని అధికారి ఎదురుగా ఉండడం వల్ల. గుంటూరులో ఉన్న మీరు హైదరాబాదులోని పెద్దవాడైన కొడుకు కారుకు ఆ అధికారి కాలేరు. మీరు పెట్టించిన తాళాన్ని వాడు ఒక్క పూటలో మెకానిక్ చేత తీయించగలడు. కాబట్టి డబ్బు యంత్రం మీద కాకుండా శనివారం రాత్రి దారి ఖర్చు మీద పెట్టండి. పార్టీకి కారు తీసుకువెళ్లకుండా క్యాబ్‌లో పోవాలని, తీసుకువెళితే తిరుగు దారికి డ్రైవరును పిలిపించుకోవాలని ముందే మాట తీసుకోండి. రాత్రి పదకొండుకు తాగి ఉన్నవాడితో చేసే వాదన కంటే మధ్యాహ్నం భోజనం దగ్గర తీసుకునే మాట గట్టిది. చట్టం సంగతీ చెప్పండి. 2019 సవరణ తరువాత మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారికి రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. హైదరాబాదులో పట్టుబడినవారిని గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ సంస్థకు కుటుంబ సభ్యులను వెంటబెట్టుకొని కౌన్సెలింగుకు రమ్మనడం కూడా ఉంది. చాలామంది కుర్రాళ్లకు జరిమానా కంటే అమ్మానాన్నలను అక్కడికి తీసుకువెళ్లడమే కష్టమనిపిస్తుంది.

వాడికి బైకు కూడా ఉంటే ముందు దాని తాళంచెవి గురించి మాట్లాడండి. ఇప్పటిదాకా చెప్పినవన్నీ నాలుగు చక్రాల బండ్లకోసం పుట్టినవి, మన రోడ్లమీద ఎక్కువగా తిరిగేవి రెండు చక్రాలవి. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ప్రైవేటు బస్సు కాలిపోయిన దుర్ఘటన మీకు గుర్తుండే ఉంటుంది. ముందే ప్రమాదానికి గురై రోడ్డుమీద పడి ఉన్న మోటారుసైకిలును ఆ బస్సు ఈడ్చుకుపోయింది. బైకు నడిపిన యువకుడు మద్యం తాగి ఉన్నట్లు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు ప్రకటించారు. ఆ బస్సులో ఎంత గొప్ప ఇంటర్‌లాక్ ఉన్నా ఆ రాత్రి అది చేయగలిగింది ఏమీ లేదు.

చివరగా మీ దశమూలారిష్టం. మీ అనుమానం సరైనదే. ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి చేసేవి, వాటిలో సాధారణంగా 5 నుంచి 10 శాతం దాకా ఆల్కహాల్ తనంతట తానే పుడుతుంది, సీసా మీద ఆ సంగతి రాసి ఉంటుంది కూడా. మీరు పుచ్చుకునే రెండు మూడు చెంచాల మోతాదు రక్తంలో చెప్పుకోదగ్గ అంకె చూపదు గాని, తాగిన పావుగంట లోపల ఊదితే నోటి తడి వల్ల యంత్రం మొరాయించవచ్చు. మీరు కారు నడపరు కాబట్టి ఊదవలసిన పని లేదు. ఈ పరికరం గొట్టంలోకి వచ్చిన ఊపిరినే కొలుస్తుంది, వెనక సీట్లో కూర్చున్నవారి ఊపిరితో దానికి నిమిత్తం లేదు. సీసాను గట్టిగా మూత బిగించి చెక్-ఇన్ సామానులో పెట్టుకోండి. అక్కడికి వెళ్లాక ఏ ఆదివారం పొద్దుననైనా అల్లుడు "అత్తయ్యగారూ, మీరొకసారి ఊదండి" అంటే, అప్పుడే అరిష్టం పుచ్చుకున్నానని చెప్పండి.